మధ్యలో పడిన షటిల్

మా దుకాణంలో రాకెట్లకి గట్, అంటే అల్లే తీగ, వేసే మిషన్‌కి ఒక కాలు పొట్టి. కొన్న రోజు నుంచీ అంతే. రాకెట్ బిగించి గట్ లాగినప్పుడల్లా అది ఒక పక్కకి ఒరిగి టక్కుమంటుంది. నాన్న దాని కింద అట్టముక్క మడిచి పెడతాడు. కొన్నాళ్ళకి అది నలిగిపోతుంది, ఇంకోటి మడుస్తాడు. "ఏదైనా గట్టిది పెట్టొచ్చుగా నాన్నా" అంటే, "దీంతో గడుస్తోందిగా" అంటాడు. గడిస్తే చాలనుకునే మనిషి ఆయన. సర్దుకుపోవడంలో పోటీలు పెడితే ఆ కప్పు కూడా ఆయనకే వచ్చేది. నాకు మాత్రం ఆ గుణం అంటలేదు. నాది అమ్మ పోలిక, కోపం ముక్కు మీదే ఉంటుంది.

దుకాణం స్టేడియం వెనక గేటుకి ఎదురుగా ఉంటుంది. అందరూ 'పెద్ద కప్పు' అని పిలిచే షటిల్ పోటీలు ఏటా అందులోనే జరుగుతాయి. లోపలికి వెళ్ళగానే విజేతల బోర్డులు కనిపిస్తాయి. సింగిల్స్ బోర్డు ముందు జనం ఫోటోలు దిగుతారు. పురుషుల డబుల్స్ బోర్డు కింద బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటారు. తలెత్తి చదివేవాళ్ళు తక్కువ.

నేను అక్షరాలు నేర్చుకున్నదే ఆ బోర్డు మీద. మొదటి విజేతలు అన్నదమ్ములు. వరసగా కప్పులు గెలిచారు కానీ కోర్టు దాటితే ఒకరితో ఒకరికి మాటల్లేవు. వాళ్ళని ఓడించింది ఒక పోస్ట్‌మాన్, ఒక పళ్ళ డాక్టరు. ఆ తర్వాత మామా అల్లుళ్ళు. అల్లుడు సర్వీసు నెట్‌కి కొడితే మామగారు గ్యాలరీలో ఉన్న కూతురి వైపు తిరిగి "చూశావా నీ మొగుణ్ణి" అనేవాడట. ఇవన్నీ నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని చెప్పిన కథలు. అలా పేరు పేరునా చెప్పుకుంటూ వచ్చి ఒక ఏడాది దగ్గర మాత్రం చూపు దాటించేసేవాడు. ఆ ఏడాదికి ఎదురుగా రెండు పేర్లున్నాయి. మొదటిది నిచ్చెన బాబాయిది. రెండోది మా నాన్నది కావాలి. కాదు.

నిచ్చెన బాబాయి నాకు సొంత బాబాయేం కాదు, నాన్న స్నేహితుడు. ఆ ఎత్తు చూసి ఆటగాళ్ళు పెట్టిన పేరది. ఆ ఏడాది ఆయనకి జోడీగా పేరిచ్చినవాడు అప్పటి షటిల్ సంఘం అధ్యక్షుడి తమ్ముడు. మొదటి మ్యాచ్ రోజు పొద్దున ఆ తమ్ముడుగారు బట్టలు మార్చుకునే గదిలో జారిపడి చీలమండ బెణికించుకున్నాడు. జోడీ లేకపోతే బాబాయి ఇంటికి పోవాల్సిందే. స్టేడియం మూలన కూర్చుని గట్ వేసుకుంటున్న నాన్నని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. రోజూ సాయంత్రాలు కలిసి ఆడేవాళ్ళే కాబట్టి రిఫరీ కూడా సరేనన్నాడు. నాన్న అరువు బూట్లతో కోర్టులోకి దిగాడు. ఇద్దరూ ఫైనల్ దాకా వెళ్ళారు, గెలిచారు. అమ్మ ఆ రోజు గ్యాలరీలో ఉంది. "ఆట చూసి కాదు, అరువు బూట్లతో అంత దర్జాగా నడిచాడే, అది చూసి చేసుకున్నా" అంటుంది ఇప్పటికీ.

కప్పు ఇచ్చాక ఫోటో తీశారు. తమ్ముడుగారు కట్టు కట్టిన కాలితో వచ్చి "కాస్త జరుగుతారా" అంటూ మధ్యలో నిలబడ్డాడు. నాన్న జరిగాడు. ఎంత జరిగాడంటే ఫోటోలో మోచెయ్యి మాత్రమే పడింది. బోర్డు రాసే పెయింటర్‌కి పోటీలకి ముందు తయారైన పేర్ల కాగితమే ఇచ్చారు, అతను అది చూసి రాసేశాడు. వచ్చే ఏడాది దిద్దుదాం అన్నారు. ఆ వచ్చే ఏడాది ఇంకా రాలేదు. తమ్ముడుగారు మాత్రం ఎదిగి తనే అధ్యక్షుడయ్యాడు. మొదట్లో ఎవరైనా 'మాజీ ఛాంపియన్' అంటే ఇబ్బందిగా నవ్వేవాడట. కొన్నాళ్ళకి ఆ నవ్వు మానేశాడు. ఇంకొన్నాళ్ళకి ఫైనల్లో ఆఖరి పాయింట్ తనెలా కొట్టాడో చేతులు ఊపుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ ఏడాది స్టేడియానికి రంగులు వేశారు, కొత్త నేల పరిచారు. పాత చెక్క బోర్డు తీసేసి ఇత్తడి పలకలు చేయించారు. ఏడాదికో పలక, పలకకి రెండు మరలు. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సయించలేదు. చెక్క మీద రంగైతే ఎప్పుడో ఒకప్పుడు తుడిచి రాస్తారని ఆశ ఉండేది. ఇత్తడి మీద చెక్కేశాక ఎవడు మారుస్తాడు? నాన్న పోయాక కూడా ఆ గోడ మీద అబద్ధం మెరుస్తూనే ఉంటుంది.

ఆ వారంలోనే నిచ్చెన బాబాయి దుకాణానికి వచ్చాడు. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చి, రాకెట్ నా ముందు పెట్టాడు.

"అమ్మడూ, దీనికి గట్ వేసి పెట్టు. శనివారానికి కావాలి."

"శనివారం ఏముంది బాబాయ్?" తెలిసే అడిగాను.

"అదే... విజేతల వరస."

పెద్ద కప్పులో అదొక ఆనవాయితీ. ఫైనల్స్‌కి ముందు పాత డబుల్స్ విజేతలు ఏడాది వరసన జోడీలుగా కోర్టులోకి వస్తారు. కిందటేడు గెలిచిన కుర్రాళ్ళు అవతల నిలబడి, పెద్దవాళ్ళకి అందేలా మెల్లగా నాలుగు షటిళ్ళు ఆడిస్తారు. జనం చప్పట్లు కొడతారు. బాబాయి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పిలిచినప్పుడల్లా మోకాలు నొప్పి అనేవాడు.

"ఎవరితో ఆడుతున్నావు?"

"నీకు తెలుసుగా."

"నీ నోటితో చెప్పు."

"అధ్యక్షుడితో" అన్నాడు, గోడకి వేలాడుతున్న గట్ చుట్టల వైపు చూస్తూ.

రాకెట్ ఆయన వైపు తోసేశాను. "నేను వెయ్యను. వేరే చోట వేయించుకో."

"మనవరాలు సంఘం శిక్షణ శిబిరంలో ఉంది అమ్మడూ. వచ్చే నెలలో ఎంపికలు. ఆయన ఇంటికొచ్చి మరీ అడిగాడు. అడిగాడంటే... అడగడం కాదులే."

వెనక గదిలోంచి అమ్మ టీ గ్లాసుతో వచ్చింది. "ఏం మరిదిగారూ, మోకాలు నయమైందా?" అని గ్లాసు చేతికిచ్చింది. బాబాయి గ్లాసుని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

నేను ఇంక ఊరుకోలేకపోయాను. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ పేరు తప్పని అన్నావా? ఆయన ఆడలేదు, మా వాడు ఆడాడని ఒక్క ముక్క అన్నావా?"

ఈసారి బాబాయికీ రోషం వచ్చింది. "నన్నంటావేంటి? పేరు వాడిది. అడగాల్సింది వాడు. వాడు అడిగుంటే పక్కన నిలబడి సాక్ష్యం చెప్పనా నేను? అడుగుతాడు, అడుగుతాడని చూశాను. ఉలకడు పలకడు. వాడికే అక్కర్లేదేమో అనుకున్నా."

మిషన్ దగ్గర వంగి పని చేసుకుంటున్న నాన్న తలెత్తాడు. "అదేంట్రా? బయట మాటలన్నీ నువ్వేగా చూసేది. రిఫరీతో పేచీ వచ్చినా నువ్వే, పేపరువాళ్ళు వచ్చినా నువ్వే. ఇది కూడా నువ్వే చూసుకుంటావనుకున్నా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ జోడీ ఆటంతా ఒక్క ఒప్పందం మీద నడిచింది. నాన్నది ఎడమచేతి వాటం, బాబాయిది కుడి. నాన్న కుడి పక్కన, బాబాయి ఎడమ పక్కన నిలబడితే ఇద్దరి రాకెట్లూ కోర్టు మధ్యకే వస్తాయి. రాకెట్లు కొట్టుకోకుండా ఒక మాట అనుకున్నారు. మధ్యలోకి వచ్చిన ప్రతి షటిల్ నాన్నది. నాన్న "నాది!" అని అరుస్తాడు, బాబాయి వెనక్కి తగ్గుతాడు. ఆ ఒప్పందంతో కప్పు గెలిచిన ఇద్దరు మనుషులు, కోర్టు బయట ఒక్క మాటకి నీదంటే నీదని ముప్పై ఏళ్ళుగా వదిలేసి కూర్చున్నారు.

"బాగుంది" అంది అమ్మ. "ఇద్దరి మధ్యా పడింది. పాయింట్ పక్కవాడు పట్టుకుపోయాడు."

బాబాయి గ్లాసు కింద పెట్టి లేచాడు. రాకెట్ తీసుకోబోతుంటే నాన్న ఆయన చేతిలోంచి లాక్కుని మిషన్‌కి బిగించాడు. "ఆడేవాడి రాకెట్ ఆపకూడదమ్మా" అన్నాడు నాతో. గట్ లాగుతుంటే మిషన్ టక్కుమంది. నాన్న వంగి ఇంకో అట్టముక్క మడిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తన పేరు పక్కన ఇంకొకణ్ణి నిలబెట్టే ఆటకి తన చేత్తోనే గట్ వేసి పంపే మనిషిని ఏమనాలి?

శనివారం కోర్టు పక్కనే మా బల్ల వేశాం. పోటీల్లో గట్లు తెగితే అక్కడికక్కడే బాగుచేసే పని మాదే. నాన్న మామూలుగా ఆ రోజు దుకాణంలోనే ఉండిపోతాడు. ఈసారి అమ్మ ఊరుకోలేదు. "మీ అల్లిక ఎలా ఉందో చూసుకోరా?" అని లాక్కొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టింది. పెద్ద సంచీ ఒకటి ఒళ్ళో పెట్టుకుంది. అందులోంచి నాన్న పాత రాకెట్ పిడి బయటికి కనిపిస్తోంది.

"అదెందుకే?" అన్నాడు నాన్న.

"మీకేం బరువా? మోసేది నేనేగా" అంది అమ్మ.

వరస మొదలైంది. పోస్ట్‌మాన్ గారి జోడీ లేదు, వాళ్ళిద్దరూ పోయారు. ఆ మామ లేడు కానీ అల్లుడు వచ్చాడు, చేతికర్రతో. ఆయనతో పాటు భార్య కోర్టులోకి నడిచి, తండ్రి నిలబడే చోట నిలబడింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. నా కళ్ళు కూడా తడిశాయి. ఆ తర్వాత మైకులో నిచ్చెన బాబాయి పేరు, అధ్యక్షుడి పేరు చదివారు. అధ్యక్షుడు కొత్త తెల్లబట్టల్లో, మోకాలికి పట్టీతో, జనానికి చెయ్యి ఊపుతూ వచ్చాడు. బాబాయి నేల చూపులు చూస్తూ వచ్చాడు. నేను అటు చూడకూడదనుకుని కత్తెర వెతుక్కున్నాను. చూశాను.

మొదటి షటిల్ మెల్లగా ఇద్దరి మధ్యకి వచ్చింది. డబుల్స్ ఆడేవాడెవడైనా మధ్యకే కొడతాడు, అవతల ఎంత పెద్దవాళ్ళున్నా చెయ్యి ఊరుకోదు. బాబాయి రాకెట్ దించి ఒక అడుగు వెనక్కి వేశాడు. షటిల్ కింద పడింది. జనం సరదాగా నవ్వారు. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆయన కావాలని వదల్లేదు, కాళ్ళకి పాత అలవాటు. "నాది!" అనే అరుపు కోసం కుడి పక్కకి చూశాడు. అక్కడున్నది ఎడమచేతి వాటం మనిషి కాదు.

రెండోది కూడా మధ్యకే వచ్చింది. చెయ్యి చాస్తే బాబాయికి అందేదే. ఆయన రాకెట్‌ని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఈసారి అలవాటు కాదు. ఆ ముఖం చూస్తే నాకు అర్థమైపోయింది.

"ఏంటయ్యా, అది నీది!" అన్నాడు అధ్యక్షుడు, పైకి నవ్వుతూనే.

"కాదు. మధ్యది ఎప్పుడూ నాది కాదు."

"మరెవరిది?"

"ఆ ఏడాది నాతో ఆడినవాడిది. నువ్వే ఆడానని చెబుతున్నావుగా, కొట్టు."

మాట అంత గట్టిగా అనలేదు, కానీ స్టేడియం సద్దుమణిగిపోయి ఉంది. అవతలి కుర్రాళ్ళిద్దరూ బిత్తరపోయి ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలో కాస్త తుంటరివాడు మూడో షటిల్ తీసి మళ్ళీ సరిగ్గా మధ్యకే పంపాడు. అధ్యక్షుడు రాకెట్ ఊపాడు. గాలికి తగిలింది.

బాబాయి గ్యాలరీ వైపు తిరిగి గొంతెత్తాడు. "ఒరేయ్ ఎడమోడా! మధ్యది వచ్చిందిరా. నీదా, కాదా?"

తలలన్నీ మూడో వరస వైపు తిరిగాయి. నాన్న కదల్లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు కూడా సర్దుకుపోతే జన్మలో ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను. అమ్మ సంచీలోంచి రాకెట్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "నోట్లో నాలుక లేకపోతే పోయె, చేతిలో ఇదుందిగా. లేవండి" అంది.

నాన్న లేచాడు. మెట్లు దిగి, కోర్టు గీత దగ్గర చెప్పులు విప్పి, వట్టి కాళ్ళతో లోపలికి వచ్చాడు. ఈసారి అరువు బూట్లు కూడా లేవు.

"ఇతన్నెవరు రానిచ్చారు? ఇది విజేతల వరస" అన్నాడు అధ్యక్షుడు.

నాన్న ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "కాస్త జరుగుతారా?" అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా.

అధ్యక్షుడు రిఫరీ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఎవరూ ఆయన కోసం నోరు విప్పలేదు. ముందు అరడుగు జరిగాడు. తర్వాత గీత దాటి బయటికి వచ్చేశాడు.

తుంటరి కుర్రాడు షటిల్ లేపాడు. అది మధ్యకి వస్తుండగా కోర్టులోంచి "నాది!" అని ఒక కేక వినపడింది. అది మా నాన్న గొంతని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. నేను పుట్టాక ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. బాబాయి అటు చూడను కూడా చూడకుండా వెనక్కి తగ్గాడు. నాన్న రాకెట్‌కి తగిలి షటిల్ అవతలికి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ "నాది!". కుర్రాళ్ళు మర్యాదలు మర్చిపోయి నిజంగా ఆడటం మొదలుపెట్టారు. పొట్టిగా ఉండే నాన్న ముందుకు ఉరుకుతున్నాడు, పొడుగు బాబాయి వెనక కాస్తున్నాడు. ఇద్దరికీ రొప్పు వస్తోంది, ఇద్దరూ ఆగడం లేదు. చివరికి నాన్న ఒకటి వంచి కొట్టాడు. అది కుర్రాళ్ళిద్దరి సరిగ్గా మధ్యన పడింది. వాళ్ళు నీదంటే నీదని ఒకరినొకరు చూసుకున్నారు.

స్టేడియం దద్దరిల్లింది. నేను బల్ల మీదకెక్కి అరిచాను. సిగ్గేమీ లేదు.

అధ్యక్షుడు కూడా గట్టివాడే. హడావుడిగా గోడ దగ్గరికి వెళ్ళి కొత్త బోర్డు మీద ఆవిష్కరణకని కప్పిన గుడ్డ లాగేశాడు. జనం దృష్టి అటు మళ్ళుతుందనుకున్నాడు. ఇత్తడి పలకలు తళతళమన్నాయి. బాబాయి చెమట తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మడూ, స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

ఎందుకని అడగలేదు. ఇచ్చాను. బోర్డు పైవరసకి వేరేవాళ్ళకైతే స్టూలు కావాలి. నిచ్చెన బాబాయి చెయ్యి చాపి, తమ పలకకున్న రెండు మరలూ విప్పేశాడు.

"అది సంఘం ఆస్తి!" అన్నాడు అధ్యక్షుడు.

"నా పేరు నాది" అన్నాడు బాబాయి. "మా జోడీ పేరు పూర్తిగా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సరిగ్గా చెక్కించండి, నేనే తెచ్చి బిగిస్తా." పలకని నాన్న చేతిలో పెట్టాడు. "ఆలస్యమైందిరా" అన్నాడు. నాన్న వద్దనకుండా పుచ్చుకున్నాడు.

వారం తిరక్కుండానే బాబాయి మనవరాలిని శిబిరం నుంచి తీసేశారు. కారణం అడిగితే క్రమశిక్షణ అన్నారు. తాత ముఖం వేలాడేసుకుని వచ్చాడు కానీ ఆ పిల్ల మాత్రం రాకెట్ సంచీ భుజానికి తగిలించుకుని నేరుగా మా దుకాణానికొచ్చి, "నాకు మధ్యది కొట్టడం నేర్పుతారా?" అని నాన్ననే అడిగింది. ఇప్పుడు రోజూ సాయంత్రం వెనక ఖాళీ స్థలంలో వల కట్టి ఆడుతున్నారు. ఆమె "నాది!" అని అరిస్తే వీధి చివరికి వినిపిస్తుంది. ఎంపికలు సంఘం ఒక్కటే చేయదు, వేరే దారులున్నాయి. చూస్తాం.

స్టేడియంలో ఆ పలక ఉండాల్సిన చోట ఖాళీ ఉంది, రెండు మర చిల్లులు కనిపిస్తాయి. బూట్ల తాళ్ళు కట్టుకునేవాళ్ళు ఈ మధ్య తలెత్తి చూస్తున్నారు. ఆ ఖాళీ ఉన్న ఏడాది ఎవరు గెలిచారని అడుగుతున్నారు. అడిగినవాళ్ళని కుర్రాళ్ళు మా దుకాణానికి పంపుతున్నారు.

నిన్న సంఘం గుమాస్తా ఆ పలక కోసం మళ్ళీ వచ్చాడు. లోగడ ఒకసారి వచ్చి ఉత్తచేతులతో వెళ్ళినవాడే. పాపం మంచివాడు, పంపితే వచ్చాడు. బాబాయి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నాన్న మిషన్ మీద గట్ లాగుతున్నాడు. గుమాస్తా అటూ ఇటూ చూశాడు, అల్మరాలోకి తొంగిచూశాడు, ఆఖరికి మిషన్ పొట్టి కాలి కింద ఇత్తడి మెరవడం కంటబడింది.

"అయ్యో, అక్కడ పెట్టారేంటండీ! అది ఎవరిదనుకున్నారు?"

నేను నోరు తెరిచాను. బాబాయి కూడా తెరిచాడు. మా ఇద్దరి కంటే ముందే నాన్న అన్నాడు:

"నాది."

గుమాస్తా తెల్లబోయాడు. నాన్న గట్ ముడి బిగించి, మిగిలిన కొస కత్తిరించి, నింపాదిగా తలెత్తాడు. "నా పేరు చెక్కిన పలక తెచ్చి, ఇది పట్టుకెళ్ళమని మీ అధ్యక్షుడికి చెప్పండి. అప్పటిదాకా మా మిషన్‌కి కాలు కావాలి."

ఇంకో రాకెట్ బిగించి గట్ లాగాడు. మిషన్ కదల్లేదు.